దురద ఒకరికి.. నిద్ర కరువు ఇంటిల్లిపాదికి!

చర్మవ్యాధుల డాక్టర్ గదిలో టేబుల్‌కి ఇవతల మామూలుగా రెండు కుర్చీలుంటాయి. ఒకదాంట్లో పేషెంట్, రెండోదాంట్లో వెంట వచ్చినవాళ్లు. ప్రశ్నలన్నీ మొదటి కుర్చీకే. దురద ఎప్పట్నుంచి? ఎక్కడెక్కడ? రాత్రి ఎక్కువా, పగలు ఎక్కువా? ఇదివరకు ఏ క్రీమ్ రాశారు? రెండో కుర్చీలో ఉన్న అమ్మో, అన్నో, భార్యో మధ్యమధ్యలో జవాబులు అందిస్తారు. చివర్లో చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి నడుస్తారు. ‘మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?’ అని వాళ్లని అడిగేవాళ్లుండరు.

అడగాలి అన్నారు కొందరు డాక్టర్లు. అని ఊరుకోలేదు. పది ప్రశ్నలు రాశారు, ఒక్కోదానికి మార్కులు పెట్టారు, ఆ మార్కులు నమ్మదగ్గవో కాదో పరీక్షించి చూశారు. అలా తయారైన ఫారం పేరు ‘ఫ్యామిలీ డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్’. పొట్టిగా ఎఫ్‌డీఎల్‌క్యూఐ. పేరు నోరు తిరగదు గానీ ఫారం మాత్రం ఒక్క పేజీ. నింపడానికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. పేషెంట్ నింపేది కాదిది. ఆ రెండో కుర్చీలో కూర్చున్నవాళ్లు నింపేది.

ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉందా? తమ్ముడికి ఎగ్జిమానా? అక్కకి బొల్లి మచ్చలా? అయితే ఇది మీ గురించే. మీ ఒంటి మీద ఒక్క మచ్చ లేకపోయినా సరే.

ముందు పేషెంట్‌ని అడిగారు

కథ బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మొదలైంది. అప్పటిదాకా చర్మవ్యాధి ఎంత ముదిరిందో చెప్పడానికి డాక్టర్లు కొలిచేది చర్మాన్నే. ఒంట్లో ఎంత భాగం పాకింది, ఎంత ఎర్రగా ఉంది, ఎంత మందంగా ఉంది, ఎంత పొట్టు రాలుతోంది.. ఇవీ లెక్కలు. ఈ లెక్కలో ఒక చిక్కుంది. వీపంతా మచ్చలున్న మనిషి చొక్కా తొడుక్కుని హాయిగా ఆఫీసుకి వెళ్లిపోవచ్చు. ముఖం మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉన్న అమ్మాయి కాలేజీ మానేయొచ్చు. చర్మాన్ని కొలిస్తే మొదటి మనిషికే జబ్బు ఎక్కువ. బతుకుని కొలిస్తే?

అందుకే ఆండ్రూ ఫిన్లే అనే చర్మవైద్య నిపుణుడు, జి.కె. ఖాన్‌తో కలిసి, 120 మంది పేషెంట్లను ‘ఈ జబ్బు వల్ల మీ జీవితంలో ఏమేం మారాయి?’ అని అడిగి ఆ జవాబుల్లోంచి పది ప్రశ్నలు తయారుచేశాడు. 1994లో అది ‘డీఎల్‌క్యూఐ’గా బయటికొచ్చింది. గత వారం రోజుల్లో దురద ఎంత, సిగ్గుపడ్డావా, వేసుకునే బట్టలు మార్చుకోవాల్సి వచ్చిందా, చదువూ ఉద్యోగం దెబ్బతిన్నాయా.. ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం 30. ఇక్కడ మాత్రం ఎక్కువ మార్కులొస్తే గొప్ప కాదు, అంత కష్టంలో ఉన్నట్టు. 10 దాటితే జబ్బు జీవితాన్ని చాలా ఎక్కువగా దెబ్బతీస్తున్నట్టు లెక్క. ఇప్పుడది వందకు పైగా భాషల్లో ఉంది.

ఈ అంకె ఊరికే కాగితం మీద ఉండిపోలేదు. బ్రిటన్‌లో సోరియాసిస్‌కి బయోలాజిక్స్ అనే చాలా ఖరీదైన ఇంజెక్షన్లు ప్రభుత్వ వైద్యంలో ఇవ్వాలంటే చర్మం స్కోరొక్కటే చాలదు. డీఎల్‌క్యూఐ కూడా 10 దాటాలి. అంటే ‘నా బతుకిలా ఉంది’ అని పేషెంట్ చెప్పిన మాటకి మందు తెప్పించే బలం వచ్చిందన్నమాట.

మరి పేషెంట్‌తో పాటు ఇంట్లో ఉండేవాళ్ల మాటకి?

‘గ్రేటర్’ పేషెంట్

దీని మీద మొదటి అడుగు చంటిపిల్లల ఎగ్జిమా దగ్గర పడింది. ఆర్నెల్ల పాపకి ఒళ్లంతా దురద. పాప ఫారం నింపలేదు కదా. తల్లిదండ్రులతో మాట్లాడితే, వాళ్లు పాప గురించి ఎంత చెప్పారో తమ గురించీ అంత చెప్పారు. నిద్ర లేదు, అలసట, ఖర్చు, మొగుడూ పెళ్లాల మధ్య చిరాకులు. దాంతో 1998లో కార్డిఫ్ వాళ్లే ఎగ్జిమా పిల్లల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక ఫారం తెచ్చారు. దానికి ఒక ఏడాది ముందే, 1997లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ డాక్టర్లు ఒక పోలిక ప్రచురించారు. ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లు ఒకవైపు, రోజూ ఇన్సులిన్ తీసుకునే డయాబెటిస్ పిల్లల ఇళ్లు ఇంకోవైపు. కుటుంబం మీద భారం ఎగ్జిమా ఇళ్లలోనే ఎక్కువని తేలింది. షుగర్ ఉన్న పిల్లాడంటే అందరూ ‘అయ్యో’ అంటారు. ఎగ్జిమా అంటే ‘కాస్త దురదేగా’ అంటారు. తేడా అక్కడుంది.

తర్వాత మొహమ్మద్ బస్రా, ఫిన్లే కలిసి ఒక్క ఎగ్జిమాకే పరిమితం కాకుండా రకరకాల చర్మవ్యాధులున్న ఇళ్ల నుంచి 50 మందిని కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ల మాటల్లోంచి, జబ్బు లేని మనిషి జీవితం దెబ్బతినే తీరులు 59 బయటపడ్డాయి. వాటిని కుదించి కుదించి పది ప్రశ్నలు చేస్తే, 2007లో ఎఫ్‌డీఎల్‌క్యూఐ వచ్చింది. అదే సమయంలో వీళ్లొక మాట కూడా వాడారు. ‘గ్రేటర్ పేషెంట్’. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ కలిపి గ్రేటర్ హైదరాబాద్ అనలేదూ? అలాగే పేషెంట్ చుట్టూ ఉన్నవాళ్లని కూడా కలుపుకుంటే వచ్చే పెద్ద పేషెంట్. జబ్బు చేసింది ఒక్కరికే అయినా, దాని హద్దులు ఆ ఒక్కరి చర్మం దగ్గర ఆగవని వాళ్ల ఉద్దేశం.

ఒకే ఇల్లు, మూడు స్కోర్లు

ఫారం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఒక ఇల్లు ఊహించుకోవాలి. కల్పితమే, కానీ మీ వీధిలో ఉండే ఇల్లే. ఏలూరులో రెండు గదుల అద్దె పోర్షన్. ఆరేళ్ల బాబు, రెండేళ్ల వయసు నుంచి ఎగ్జిమా. మోకాళ్ల వెనకా, మోచేతుల మడతల్లో, మెడ మీద చర్మం మందంగా నల్లబడింది. నాన్నకి సెల్ ఫోన్ షాపులో ఉద్యోగం. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అక్క ఇంటర్ సెకండియర్. అక్కా తమ్ముడూ ఒకే గదిలో పడుకుంటారు.

ఇప్పుడు ఫారం ఇద్దాం. ప్రశ్నలన్నీ గత నెల రోజుల గురించే. ‘అస్సలు లేదు’ లేదా ‘నాకు వర్తించదు’ అంటే సున్నా. కొంచెం అంటే ఒకటి. బాగానే అంటే రెండు. చాలా ఎక్కువ అంటే మూడు.

మొదటిది మనసు. దిగులు, చిరాకు, సిగ్గు. అమ్మ క్షణం ఆలోచించకుండా మూడు పెడుతుంది. నాన్న రెండు. అక్క ఒకటి. ఫారం తయారుచేసిన రోజుల్లో కార్డిఫ్ డాక్టర్లతో మాట్లాడిన కుటుంబ సభ్యుల్లో కూడా దాదాపు అందరూ మొదట చెప్పింది ఈ మనసు బాధే.

రెండోది ఒళ్లు. అలసట, నిద్ర చెడిపోవడం. రాత్రి ఒంటిగంటకి బాబు గోక్కోవడం మొదలవుతుంది. ఎగ్జిమా దురద రాత్రిపూటే రెచ్చిపోతుంది. అమ్మ లేచి చేతులు పట్టుకుంటుంది, క్రీమ్ రాస్తుంది, విసనకర్రతో విసురుతుంది. పక్క మంచం మీద అక్క దుప్పటి ముఖం మీదకి లాక్కుంటుంది గానీ నిద్ర పట్టదు. ఐదింటికి లేచి ఫిజిక్స్ చదవాలి. అమ్మకి మూడు, అక్కకీ మూడు. అవతలి గదిలో పడుకునే నాన్నకి ఒకటి.

మూడోది సంబంధాలు. ‘నువ్వు సరిగ్గా చూసుకోవట్లేదు’ అని నాన్న, ‘నువ్వు ఒక్కరోజైనా రాశావా’ అని అమ్మ. ఇద్దరికీ చెరో రెండు. ‘వాడికి జబ్బు కాబట్టి వాడేం చేసినా ఏమనకూడదు’ అనే రూల్ అక్కకి నచ్చదు. నచ్చదని పైకి చెప్పుకోలేదు కూడా. ఒకటి.

నాలుగోది బయటివాళ్లు. తేరిపార చూడటం, ఆటపట్టించడం, జబ్బు గురించి ప్రతివాళ్లకీ వివరించుకోవాల్సి రావడం. ఈ ప్రశ్న ఎక్కడో వేల్స్‌లో రాశారంటే నమ్మబుద్ధి కాదు, మన అపార్ట్‌మెంట్ మెట్ల మీద రాసినట్టే ఉంటుంది. ‘అక్కా, పిల్లాడికి ఆ మచ్చలేంటి? మా వాడికి అంటుకోదుగా?’ అంటుంది పక్కింటావిడ. ‘వంకాయ పెట్టకమ్మా’ అంటుంది పైపోర్షన్ మామ్మగారు. బస్సులో పక్కసీటాయన కాళ్లు దగ్గరికి లాక్కుంటాడు. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన నాగదోషమని తేల్చేసి, మోపిదేవి వెళ్లి రమ్మంటాడు. ఇవన్నీ వినేది అమ్మే కాబట్టి మూడు. క్లాస్‌మేట్ ఒకత్తి ఇంటికొచ్చి ఏదో అంది కాబట్టి అక్కకి ఒకటి. నాన్న పొద్దున్నే షాపుకి వెళ్లిపోతాడు. సున్నా.

ఐదు, ఆరు ప్రశ్నలు చుట్టాలిళ్లూ సరదాలూ. పెళ్లికి వెళ్తే బాబుని ఎవరు ఎత్తుకుంటారో ఎవరు ఎత్తుకోరో చూసి, అమ్మ పెళ్లిళ్లు మానేసింది. మూడు. ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలవడం ఆపేసిన అక్కకి రెండు. నాన్నకి ఒకటి. ఇక సరదాలు, హాబీల దగ్గర నాన్న ఒకటి, అక్క ఒకటి పెట్టారు. అమ్మ నవ్వి, ‘నాకేం హాబీలు’ అని సున్నా పెట్టింది. ఈ సున్నా గుర్తుపెట్టుకోండి.

ఏడోది సేవకి పట్టే టైమ్. స్నానం చేయించిన మూడు నిమిషాల్లోపు, ఒంటి మీద తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మధ్యలో స్కూల్ నుంచి రాగానే ఒకసారి. అమ్మ మూడు, అక్క ఒకటి, నాన్న సున్నా. ఎనిమిది ఇంటిపని. దుప్పట్లు, దిండు గలీబులు రోజు మార్చి రోజు ఉతకాలి, దుమ్ము లేకుండా ఊడవాలి, బాబుకి వేరే కూర. అమ్మ మూడు. అమ్మ బాబుతో ఉన్నంతసేపూ అంట్లు తోమేది అక్క. రెండు. నాన్న మళ్లీ సున్నా.

తొమ్మిదోది ఉద్యోగం, చదువు. విజయవాడ తీసుకెళ్లిన రోజల్లా నాన్నకి జీతం కట్. రెండు. అక్క ప్రీ-ఫైనల్లో మార్కులు పడిపోయాయి. మూడు. అమ్మ ఒకప్పుడు బొటిక్‌లో కుట్టుపని చేసేది. బాబుకి ఎగ్జిమా మొదలయ్యాక మానేసింది. ఇప్పుడు ఉద్యోగమే లేదు కాబట్టి ‘వర్తించదు’. సున్నా.

పదోది డబ్బు. బస్ ఛార్జీలు, డాక్టర్ ఫీజు, క్రీములు, ప్రత్యేకంగా వాడే సబ్బు. నాన్న మూడు, అమ్మ రెండు, అక్క సున్నా.

కూడితే అమ్మకి 22, అక్కకి 15, నాన్నకి 12.

సాయంత్రం ఎవరైనా ఆ ఇంటికెళ్లి ‘బాబు ఎలా ఉన్నాడు?’ అని అడిగితే, ‘పర్లేదు, కాస్త తగ్గింది’ అనే జవాబొస్తుంది. 15 మార్కుల అక్క ఆ మాటల్లో ఎక్కడా కనపడదు. తోబుట్టువుల సంగతి మన ఇళ్లలో ఎప్పుడూ ఇంతే. ఆరోగ్యంగా ఉన్న పిల్ల కాబట్టి ‘నీకేంటే’ అంటారు.

అంకెకి అందనివి

ఫారం మంచిదే. ఒక మనిషే మళ్లీ నింపితే, పరిస్థితి మారనంతకాలం దాదాపు అదే స్కోరొస్తుందా అని పరీక్షించారు, వచ్చింది. పేషెంట్ బాధ ఎక్కువగా ఉన్న ఇంట్లో కుటుంబం స్కోరు కూడా ఎక్కువగా ఉంటోందా అని చూశారు, ఉంది. అయినా మన ఇళ్లకి తెచ్చేసరికి కొన్ని చోట్ల జారిపోతుంది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

అమ్మ పెట్టిన రెండు సున్నాలనే తీసుకోండి. హాబీలకి సున్నా, ఉద్యోగానికి సున్నా. ఫారం దృష్టిలో ఆ రెండు విషయాల్లోనూ ఆమెకి ఏ నష్టమూ లేదు. అసలు నష్టం ఎప్పుడో పూర్తయిపోయింది కాబట్టి, ఈ నెలలో కొత్తగా పోయిందేమీ లేదు! ‘అస్సలు లేదు’నీ ‘వర్తించదు’నీ ఒకే గళ్లో పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. నా మటుకు నాకు ఆ 22 కన్నా ఈ రెండు సున్నాలే పెద్దవిగా కనిపిస్తాయి.

ఇంకోటి, మన అమ్మలు ఈ ఫారం నిజాయితీగా నింపుతారా? ‘బాబుకి క్రీమ్ రాయడం మీకెంత భారంగా ఉంది?’ అని అడిగి చూడండి. ‘నా బిడ్డకి నేను చేసుకోవడం భారమేంటండీ!’ అంటారు. భారం అని ఒప్పుకుంటే ప్రేమ తక్కువైనట్టు. అందుకే సున్నా వచ్చినచోట కష్టం లేదని అనుకోకూడదు. పక్కన అత్తగారో భర్తో కూర్చుని ఉంటే ఆ సున్నాని అసలు నమ్మకూడదు. ఒంటరిగా నింపనివ్వాలి.

మూడోది పెళ్లి. పది ప్రశ్నల్లో ఆ మాటే లేదు. వేల్స్‌లో అవసరం పడలేదేమో. ఇక్కడ అక్కకి బొల్లి ఉంటే, చెల్లి బయోడేటా పంపించేటప్పుడు ఫ్యామిలీ ఫొటో ఏది పెట్టాలో ఇంట్లో చర్చ జరుగుతుంది. పెళ్లిచూపుల రోజు ‘నువ్వు లోపలే ఉండమ్మా’ అని పెద్దమ్మాయికి మెల్లగా చెబుతారు. చెప్పిన తల్లి ఆ రాత్రి ఏడుస్తుంది. ఇందులో ఎవరికి ఎన్ని మార్కులు? పైగా ఫారం అడిగేది గత నెల రోజుల గురించి. ‘ఇంకో అయిదేళ్ల తర్వాత దీనికి సంబంధం వస్తుందా’ అనే బెంగ ఏ నెలలో వేయాలి?

నిజానికి బొల్లి అంటుకునే జబ్బు కాదు. రంగునిచ్చే కణాలని ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల వస్తుంది. వంశపారంపర్యం కొంత ఉన్నా, బొల్లి ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో నూటికి 90 మందికి పైగా అది రానే రాదు. ‘యమదొంగ’లో నటించిన మమతా మోహన్‌దాస్ తనకి బొల్లి ఉందని 2023 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్‌లో తనే చెప్పుకుంది. ఆ పోస్టుకి గుండె గుర్తు కొట్టినవాళ్లలో ఎంతమంది, తమ ఇంటికి వచ్చిన సంబంధంలో అమ్మాయి చెల్లెలికి బొల్లి ఉందంటే మాట్లాడకుండా ఉంటారో తెలీదు మరి.

అంటుకునేవి, అంటుకోనివి

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే గందరగోళం అవుతుంది. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి ఒకరి నుంచి ఒకరికి రావు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రావు. ఈ ఇళ్లలో కుటుంబానికి చేరేది జబ్బు కాదు, దాని బరువు మాత్రమే. గజ్జి, తామర అలా కాదు. అవి నిజంగానే అంటుకుంటాయి. గజ్జి వచ్చిందంటే దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. లేకపోతే ఒకరికి తగ్గేసరికి ఇంకొకరి నుంచి మళ్లీ మొదలు. తామరకైతే తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వాళ్లకి వేరుగా ఉండాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిపిన ట్యూబు అస్సలు రాయకూడదు, పైకి తగ్గినట్టే తగ్గి మొండిగా తయారవుతుంది.

జనం భయం మాత్రం ఈ తేడా చూడదు. ఏ మచ్చకైనా అదే చూపు. చట్టమే చాలాకాలం ఆ చూపు చూసింది. హిందూ వివాహ చట్టంతో సహా మన వ్యక్తిగత చట్టాల్లో కుష్టు వ్యాధి విడాకులకి ఒక కారణంగా ఉండేది. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ మందులు ఉచితం. అయినా ఆ మాటని చట్టాల్లోంచి తీసేయడానికి 2019 దాకా పట్టింది.

మరి ఈ స్కోరుతో ఏం చేస్తారు?

న్యాయమైన ప్రశ్న. పేషెంట్ స్కోరు 10 దాటితే బ్రిటన్‌లో ఖరీదైన మందుకి దారి తెరుచుకుంటుందని చెప్పుకున్నాం. కుటుంబం స్కోరుకి అలాంటి తాళంచెవి ఇంకా లేదు. అమ్మకి 22 వచ్చిందని ఎవరూ ఏ మందూ రాసివ్వరు. ఎక్కువగా దీన్ని వాడుతున్నది పరిశోధనల్లోనే.

కానీ ఓపీలో కూర్చున్న డాక్టర్‌కి ఆ కాగితం ఇస్తే చీటీ మారే అవకాశం ఉంది. ఏలూరు ఇంట్లో ముగ్గురి ఫారాలూ ముందు పెట్టుకుంటే కనిపించేదేంటి? ఎక్కువ మార్కులు పోగైంది నిద్ర దగ్గర. అంటే పగటి మచ్చల కన్నా రాత్రి దురదని ముందు పట్టాలి. పడుకునే ముందు రాసే మందు మార్చొచ్చు, దురద మరీ ఎక్కువైన రోజుల్లో తడిబట్ట చుట్టే పద్ధతి నేర్పొచ్చు. రోజుకి మూడు రకాల క్రీములు మూడేసి సార్లు రాయమంటే అమ్మ ఏడో ప్రశ్నకి మూడు పెట్టక ఏం చేస్తుంది? చాలా స్టెరాయిడ్ క్రీములు రోజుకి ఒకటి రెండుసార్లు రాస్తే సరిపోతుంది. కొన్ని తీసేయొచ్చేమో డాక్టర్‌ని అడగాలి. డబ్బు దగ్గర నాన్న మూడు పెట్టాడు కాబట్టి, సువాసనలున్న ఖరీదైన మాయిశ్చరైజర్ బదులు మామూలు పెట్రోలియం జెల్లీ చాలునేమో కూడా అడగొచ్చు. అంటుకోదని డాక్టరే ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే అది స్కూల్లో టీచర్‌కి, మెట్ల మీద పక్కింటావిడకి చూపించొచ్చు. నాలుగో ప్రశ్నకి మందు లేదు గానీ, ఆ కాగితం కొంత పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముందు ఆ ఫారాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది ఏడు, ఎనిమిది ప్రశ్నల దగ్గర నాన్న సున్నాలు. అది డాక్టర్ సరిచేసేది కాదు. రాత్రి పూట క్రీమ్ నాన్న రాస్తే అమ్మ స్కోరు తగ్గుతుంది, ట్యూబు ఖర్చు పెరగదు. ఆర్నెల్ల కిందట ఎవరూ ఈ మాట అనుకోని ఇంట్లో, కాగితం మీద రెండు సున్నాలు పక్కపక్కన కనిపిస్తే అనుకోవడం కాస్త తేలికవుతుంది.

2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ చర్మవ్యాధుల్ని ప్రపంచవ్యాప్త ప్రజారోగ్య సమస్యగా గుర్తించి, ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇన్నేళ్లూ ‘ప్రాణం తీసే జబ్బు కాదుగా’ అని వెనక వరుసలో కూర్చోబెట్టిన జబ్బులివి.

మీరు చేయగలిగింది

ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలంగా చర్మవ్యాధి ఉంటే, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మీ పది జవాబులు కాగితం మీద రాసుకోండి. అసలు ఫారం కార్డిఫ్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంది. అది దొరక్కపోయినా పైన చెప్పిన పది విషయాలూ సరిపోతాయి. డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి. ‘డాక్టర్ గారూ, తమ్ముడితో పాటు ఇంట్లో మేము ముగ్గురం నెల రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు’ అంటే చాలు. ఓపీలో ఒక్కో పేషెంట్‌కి దొరికేది ఐదు నిమిషాలే కావచ్చు. ఈ మాటకి పది సెకన్లు పడుతుంది.

పేషెంట్ ఎదురుగా మాత్రం నింపొద్దు. ముఖ్యంగా చిన్నపిల్లలైతే, సోరియాసిస్ ఉన్న పెద్దవాళ్లైనా సరే. ‘నా వల్ల వీళ్లకి ఇంత కష్టమా’ అని వాళ్లు ఇప్పటికే లోపల లెక్కలేసుకుంటూ ఉంటారు, దానికి మనం అంకె తోడివ్వక్కర్లేదు. ఇంట్లో ఒక్కరే నింపి అందరి తరఫునా ఇచ్చేయొద్దు కూడా. పైన చూశారుగా, ఒకే ఇంట్లో 22కీ 12కీ ఎంత దూరమో. ఓపీకి వచ్చే నాన్న ఒక్కడే నింపితే డాక్టర్‌కి కనిపించేది ఆ 12 ఒక్కటే.

దిగులు, నిద్రలేమి మరీ ఎక్కువై ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అది చర్మం డాక్టర్ పరిధి దాటినట్టు. ‘టెలీ మానస్’ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. జబ్బు నాది కాదు కదా, నేనెలా చేస్తాను అనుకోకండి.

నింపిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ కనపడేలా దాచుకోండి. మందు మారిన నెల తర్వాత మళ్లీ నింపి, రెండూ పక్కపక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. రెండో ప్రశ్న దగ్గర మూడు కాస్తా రెండైనా, ఆ ఇంట్లో ఎవరో కొన్ని రాత్రులు నిద్రపోయినట్టే.